ల్యాబ్ సర్వర్‌లోకి పాతికమంది డెస్క్‌టాప్‌తో లాగిన్ కావాలంటే ముందు సెషన్ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు పాతిక ఉన్నాయి. ఒక్కోదాంట్లో 4 జీబీ ర్యామ్, కొన్నింట్లో విండోస్ 10, కొన్నింట్లో లినక్స్. కొత్తగా ఒక సర్వర్ వచ్చింది, 64 జీబీ ర్యామ్, ఉబుంటు 24.04 సర్వర్ ఎడిషన్ వేశారు. పిల్లలు ఎవరి యూజర్‌నేమ్‌తో వాళ్లు ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి పూర్తి డెస్క్‌టాప్ మీద పనిచేయాలి, లెక్చరర్లు ఇంటి నుంచి కూడా అందుకోగలగాలి. సర్వర్ డెస్క్‌టాప్‌ను దూరం నుంచి చూపించే ఎక్స్‌ఆర్‌డీపీ అనే ప్రోగ్రామ్ వేశారు, పాస్‌వర్డ్ కొట్టాక నల్ల స్క్రీన్ వచ్చి రెండు సెకన్లలో విండో మూసుకుపోతోంది, దీన్ని వదిలేసి అదే పని ఇంకో పద్ధతిలో చేసే వీఎన్‌సీకి మారిపోనా అని అడిగారు.

మారకండి. వీఎన్‌సీకి మారినా అదే నల్ల స్క్రీన్ కనిపించే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే మీ సమస్య బొమ్మను నెట్‌వర్క్ మీద పంపించే దగ్గర లేదు, సర్వర్ లోపల డెస్క్‌టాప్ సెషన్, అంటే లాగిన్ నుంచి లాగవుట్ దాకా నడిచే ఆ యూజర్ డెస్క్‌టాప్, మొదలయ్యే దగ్గర ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ అనగానే అందరూ వీఎన్‌సీ మంచిదా, ఎక్స్‌ఆర్‌డీపీ వాడే ఆర్‌డీపీ మంచిదా, ఎక్స్‌టూగో మంచిదా అని వాదించుకుంటారు గానీ, అసలు తేల్చుకోవాల్సిన సంగతులు వేరే: సెషన్‌ను ఎవరు మొదలుపెడుతున్నారు, ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది, కనెక్షన్ తెగిపోతే అది బతికే ఉంటుందా, ఎవరు ఎప్పుడు ముగిస్తారు. ఈ నాలుగు తేలితే మిగతాదంతా కాన్ఫిగరేషన్ ఫైళ్లలో నాలుగైదు లైన్ల పని.

కాస్త వెనక్కి వెళ్లి చెప్తాను, లేకపోతే ఇంటర్నెట్‌లో దొరికే పాత గైడ్లు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. యూనిక్స్‌లో గ్రాఫిక్స్‌ను నెట్‌వర్క్ మీద నడపడం కొత్త సంగతేమీ కాదు, ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎమ్‌ఐటీలో పుట్టినప్పుడే ప్రోగ్రామ్ ఒక మెషీన్‌లో నడిచి దాని విండో ఇంకో మెషీన్ మీద కనిపించేలా కట్టారు, ఇప్పటికీ మనం వాడుతున్న పదకొండో వెర్షన్ 1987లో వచ్చింది. దూరపు మెషీన్ నుంచి ఏకంగా లాగిన్ స్క్రీనే తెప్పించుకోవడానికి ఎక్స్‌డీఎమ్‌సీపీ అని ఒక పద్ధతి ఉండేది, యూడీపీ 177వ పోర్ట్ (కనెక్షన్ అందుకునే తలుపు నంబరు అనుకోండి) మీద నడుస్తుంది. పాత గైడ్లలో అది కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. అందులో ఎన్‌క్రిప్షన్ అన్నది లేదు, విద్యార్థి కొట్టే పాస్‌వర్డ్‌లోని ప్రతి అక్షరం నెట్‌వర్క్ మీద ఉన్నదున్నట్టు పోతుంది, ల్యాబ్‌లో ప్యాకెట్లు పట్టి చూడటం నేర్పించే సబ్జెక్టే ఒకటి ఉంది కదా. ఇక ఎస్‌ఎస్‌హెచ్‌కి, అంటే దూరపు మెషీన్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో లాగిన్ అయ్యే కమాండ్‌కి, క్యాపిటల్ ఎక్స్ ఆప్షన్ ఇచ్చి ఒక్క ప్రోగ్రామ్ విండోను మాత్రం తెప్పించుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే, అదే ల్యాబ్‌లో ఒక చిన్న ఎడిటర్ తెరవాలంటే చాలు. కానీ ఎక్స్ ప్రోటోకాల్‌లో ప్రతి చిన్న పనికీ ప్రోగ్రామ్‌కీ స్క్రీన్‌కీ మధ్య ఎన్నోసార్లు ప్రశ్నలూ జవాబులూ తిరుగుతాయి, అందుకని లోకల్ నెట్‌వర్క్‌లో బాగానే ఉన్నది ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ఒక మెనూ తెరుచుకోవడానికి సెకన్లు తీసుకుంటుంది. పైగా కనెక్షన్ తెగిందంటే ప్రోగ్రామ్ కూడా పోయినట్టే, సేవ్ చేయని పని పోయినట్టే.

వీఎన్‌సీ ఈ రెండో కష్టాన్ని తీర్చింది. సర్వర్‌లోనే ఒక కనిపించని స్క్రీన్ నడుస్తుంది, దాని బొమ్మ మాత్రం మీ దగ్గరికి వస్తుంది, మీరు వెళ్లిపోయినా స్క్రీన్ అక్కడే ఉంటుంది. ఒక్కరికో ఇద్దరికో అయితే టైగర్‌వీఎన్‌సీ అనే వీఎన్‌సీ ప్రోగ్రామ్ చక్కగా పనిచేస్తుంది, నేనూ ఒంటరి సర్వర్లలో వాడతాను. కానీ మీ అవసరానికి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, మామూలు వీఎన్‌సీలో ప్రతి స్క్రీన్‌కీ ఒక నంబరు, ఆ నంబరుకు 5900 కలిపితే వచ్చే పోర్ట్, అంటే పాతిక మందికి 5901 నుంచి 5925 దాకా ఎవరి పోర్ట్ ఎవరిదో మీరు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. రెండు, వీఎన్‌సీ పాత పద్ధతి పాస్‌వర్డ్‌కు యూనిక్స్ పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు, అందులో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వస్తాయి, మీరు ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టినా తొమ్మిదో అక్షరం నుంచి దాన్ని పట్టించుకోదు. ఇది తెలియక ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది.

ఎక్స్‌ఆర్‌డీపీలో అయితే అందరికీ ఒకే పోర్ట్, 3389. విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామే క్లయింట్, లినక్స్‌లో రెమ్మీనా ఉంది, విడిగా ఏమీ కొనక్కర్లేదు. లోపల జరిగేది ఇది: బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌ను ఎక్స్‌ఆర్‌డీపీ అందుకుంటుంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని సెస్‌మ్యాన్ అనే ఇంకో ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది, సెస్‌మ్యాన్ సర్వర్‌లో ఉన్న మామూలు యూనిక్స్ ఖాతాతో సరిచూస్తుంది, సరిపోతే ఆ యూజర్ పేరు మీద కొత్త ఎక్స్ స్క్రీన్ ఒకటి మొదలుపెడుతుంది, స్క్రీన్ నంబర్లు 10 నుంచి మొదలవుతాయి. ఆ తర్వాత స్టార్ట్‌డబ్ల్యూఎమ్ అనే చిన్న స్క్రిప్ట్‌ను పిలుస్తుంది. ఆ స్క్రిప్ట్ డెస్క్‌టాప్‌ను లేపాలి. డెస్క్‌టాప్ లేచి ఉన్నంతసేపే సెషన్, అది ఆగిపోయిన క్షణంలో సెస్‌మ్యాన్ యూజర్ లాగవుట్ అయ్యాడనుకుని అంతా సర్దేస్తుంది. మీరు చూసిన రెండు సెకన్ల నల్ల స్క్రీన్ అదే. పాస్‌వర్డ్ సరిగానే ఉంది, స్క్రీన్ వచ్చింది, డెస్క్‌టాప్ లేవలేదు.

ఎందుకు లేవలేదు అన్నదానికి నేను చూసినంతలో మూడు కారణాలే పదేపదే ఎదురవుతాయి. మీరు వేసింది సర్వర్ ఎడిషన్ కాబట్టి మొదటి అనుమానం దాని మీదే: అసలు డెస్క్‌టాప్ వేశారా? ఎక్స్‌ఆర్‌డీపీ తనతోపాటు డెస్క్‌టాప్‌ను తీసుకురాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ప్యాకేజీ విడిగా వేయాలి. వేశాక ప్రతి యూజర్ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్ ఫైల్ ఒకటి పెట్టి అందులో స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అని ఒక్క లైన్ రాయండి. ఇప్పటికే ఉన్న ఖాతాలకు ఇలా, ఇకముందు తెరవబోయే ఖాతాలకు అదే ఫైల్‌ను ఈటీసీ కింద స్కెల్ ఫోల్డర్‌లో పెడితే కొత్త హోమ్ ఫోల్డర్ తయారైనప్పుడల్లా దానంతటదే కాపీ అవుతుంది.

రెండో కారణం చాలామందికి తట్టదు. అదే యూజర్ సర్వర్ ముందున్న మానిటర్ మీద ఇప్పటికే గ్రాఫికల్‌గా లాగిన్ అయి ఉంటే రిమోట్ నుంచి రెండో డెస్క్‌టాప్ లేవదు. ఇప్పటి లినక్స్‌లో సర్వీసులన్నిటినీ నడిపించే సిస్టమ్‌డీ ఒక యూజర్‌కు ఒకే డీబస్ ఇస్తుంది, డెస్క్‌టాప్‌లోని ముక్కలన్నీ దాని మీదే మాట్లాడుకుంటాయి, రెండో డెస్క్‌టాప్ వచ్చి అదే బస్ మీద అవే పేర్లు అడిగితే అప్పటికే మొదటిది పట్టుకుని కూర్చుంది కాబట్టి వెనక్కి పోతుంది. మీరు సర్వర్ దగ్గర కూర్చుని సెటప్ చేసి, లాగవుట్ అవకుండా పక్క కంప్యూటర్ నుంచి అదే ఖాతాతో పరీక్షించి ఉంటే ఇదే జరిగి ఉంటుంది. దీనికి మందుగా ఇంటర్నెట్‌లో తెగ తిరిగే చిట్కా ఒకటుంది, స్టార్ట్‌డబ్ల్యూఎమ్ స్క్రిప్ట్‌లో డీబస్ సెషన్ బస్ అడ్రస్‌నీ ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీనీ అన్‌సెట్ చేయమంటారు. నల్ల స్క్రీన్ పోతుంది, నిజమే. కానీ దాంతోపాటు ఉబుంటులో స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెరుచుకోవడం మానేస్తుంది, సౌండ్ పోవచ్చు, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్ మొరాయించవచ్చు, ఎందుకంటే అవన్నీ వెతుక్కునేది మీరు తీసేసిన ఆ అడ్రస్‌నే. పాతికమంది పిల్లలకు బ్రౌజర్ తెరుచుకోకపోతే ఆ రోజు ల్యాబ్ జరగదు. కాబట్టి ఆ చిట్కా జోలికి వెళ్లకండి, ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయండి. సర్వర్ దగ్గర మానిటర్ మీద ఎవరూ గ్రాఫికల్‌గా లాగిన్ కాకుండా చూసుకోవడమే సరైన దారి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసేటప్పుడు మానిటర్ మీద లాగిన్ స్క్రీన్ చూపించే లైట్‌డీఎమ్ కూడా వచ్చి ఉంటే దాన్ని ఆపేసి, సర్వర్ గ్రాఫిక్స్ లేకుండా లేచేలా సిస్టమ్‌డీ డిఫాల్ట్ టార్గెట్‌ను మల్టీ యూజర్‌కు మార్చండి. రిమోట్ లాగిన్‌కు లైట్‌డీఎమ్ అవసరమే లేదు.

మూడోది హోమ్ ఫోల్డర్ సమస్య. డిస్క్ నిండిపోయినా, కోటా అయిపోయినా, ఎక్స్‌అథారిటీ అనే చుక్క ఫైల్‌కు యజమాని రూట్‌గా, అంటే సిస్టమ్ అడ్మిన్ ఖాతాగా, మారిపోయినా సెషన్ లేవదు. ఎవరో ఎప్పుడో అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో ఒక గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడిపితే ఆ ఫైల్ రూట్ పేరు మీదకు పోతుంది, ఆ తర్వాత అసలు యూజర్‌కు అందులో రాసే హక్కు ఉండదు. ఒక్క యూజర్‌కు మాత్రమే సమస్య వచ్చి మిగతావాళ్లందరికీ బాగుంటే ముందు ఇక్కడే చూడండి.

ఊహించుకుంటూ కూర్చోకుండా లాగ్‌లు చదవండి. వార్ కింద లాగ్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ లాగ్ ఒకటి, సెస్‌మ్యాన్ లాగ్ ఒకటి ఉంటాయి, యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ అని చుక్క ఫైల్ ఒకటి ఉంటుంది. సెస్‌మ్యాన్ లాగ్‌లో విండో మేనేజర్ ఎంతసేపు నడిచి ఆగిందో రాసి ఉంటుంది, ఒకటి రెండు సెకన్లే అయితే నేను పైన చెప్పిందే, ఎందుకు ఆగిందో మాత్రం ఎక్స్‌సెషన్ ఎర్రర్స్‌లో దొరుకుతుంది. ఎక్స్‌ఆర్‌డీపీ లాగ్‌లో ప్రైవేట్ కీ ఫైల్ చదవలేకపోయానని కనిపిస్తే, ఎక్స్‌ఆర్‌డీపీ అనే సిస్టమ్ యూజర్‌ను ఎస్‌ఎస్‌ఎల్ సర్ట్ గ్రూప్‌లో చేర్చి సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. ఇది చేయకపోయినా కనెక్షన్ వస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు, కానీ అప్పుడు అది టీఎల్‌ఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ లేకుండా పాత బలహీనమైన పద్ధతిలో నడుస్తుంది. చేర్చాక ఎక్స్‌ఆర్‌డీపీ డాట్ ఐఎన్‌ఐ ఫైల్‌లో సెక్యూరిటీ లేయర్‌ను నెగోషియేట్ నుంచి టీఎల్‌ఎస్‌కు మార్చేయండి, అలా చేస్తే టీఎల్‌ఎస్ కుదరనప్పుడు కనెక్షన్ రాదు, మనకు వెంటనే తెలుస్తుంది.

డెస్క్‌టాప్ ఏది అన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రిమోట్‌లో పాతికమందికి ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ, మాటే అనే ఇంకో తేలికపాటి డెస్క్‌టాప్ గానీ, అంతే. ఉబుంటు మామూలు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ అందంగానే ఉంటుంది గానీ దాని కదలికలు, నీడలు అన్నీ గ్రాఫిక్స్ కార్డ్ ఉందన్న నమ్మకంతో గీస్తుంది, సర్వర్‌లో కార్డ్ లేకపోతే ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది, పాతిక సెషన్లలో ఒకేసారి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కూడా విండో మేనేజర్ ట్వీక్స్‌లోకి వెళ్లి నీడల్లాంటి హంగులు గీసే కంపోజిటర్‌ను ఆపేయండి, వాల్‌పేపర్ తీసి ఒకే రంగు పెట్టండి. స్క్రీన్ లాక్ విషయంలో జాగ్రత్త, లైట్ లాకర్ అనే ప్రోగ్రామ్ లైట్‌డీఎమ్ మీద ఆధారపడి నడుస్తుంది, రిమోట్ సెషన్‌లో అది స్క్రీన్‌ను నల్లగా చేసి మళ్లీ తెరవదు, పది నిమిషాలు టీ తాగి వచ్చేసరికి నల్ల స్క్రీన్ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది తీసేయండి. సర్వర్ నిద్రలోకి జారకుండా సిస్టమ్‌డీలో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్ టార్గెట్లను మాస్క్ చేయండి, అంటే అసలు నడవకుండా కట్టేయండి.

లాగిన్ కాగానే కలర్ మేనేజ్డ్ డివైస్ సృష్టించడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలని ఒక డబ్బా వస్తుంది, పిల్లలందరూ చేతులెత్తి అడుగుతారు. దీనికి పాత గైడ్లలో పీకేఎల్‌ఏ ఫైల్ రాయమని ఉంటుంది, 24.04లో ఇలాంటి అనుమతులు చూసే పోల్కిట్ మారిపోయింది, ఆ ఫైల్‌ను మామూలుగా చదవదు, జావాస్క్రిప్ట్‌లో రూల్ రాయాలి. మీ ల్యాబ్‌లో ఫొటో ప్రింటింగ్ ఏమీ లేదు కాబట్టి ఆ డబ్బాకు కారణమైన కలర్‌డీ ప్యాకేజీనే తీసేయడం సులువు.

ఇప్పుడు సెషన్ ఆయుష్షు సంగతి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. విండో మూసేయడం వేరు, లాగవుట్ కావడం వేరు. పిల్లలు కుడి మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతారు, వాళ్ల డెస్క్‌టాప్, అందులో తెరిచిన బ్రౌజర్ ట్యాబ్‌లు అన్నీ సర్వర్‌లో నడుస్తూనే ఉంటాయి. ఇది మంచిదే. మన ల్యాబ్‌లలో కరెంటు పోతే ముందు పోయేది పిల్లల ముందున్న కంప్యూటర్లే, సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, కరెంటు రాగానే మళ్లీ లాగిన్ అయితే సగం రాసిన ప్రోగ్రామ్ కర్సర్‌తో సహా అక్కడే ఉంటుంది. ఒక్క ఈ కారణానికే నేను ల్యాబ్‌లకు ఈ ఏర్పాటు చేయమంటాను. కానీ ఉదయం బ్యాచ్ పాతికమంది అలా వదిలేసి వెళ్లి, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ పాతికమంది వస్తే యాభై సెషన్లు అవుతాయి, సాయంత్రానికి ర్యామ్ నిండిపోతుంది, అందరికీ ఒకేసారి స్క్రీన్ గడ్డకట్టుకుపోతుంది. సెస్‌మ్యాన్ డాట్ ఐఎన్‌ఐలో కిల్ డిస్‌కనెక్టెడ్ అన్నది మామూలుగా ఫాల్స్‌లో ఉంటుంది, దాన్ని ట్రూ చేసి, కింద ఉన్న డిస్‌కనెక్టెడ్ టైమ్ లిమిట్‌లో సెకన్లలో గడువు ఇవ్వండి. 7200 ఇస్తే రెండు గంటలు. గడువు ఇవ్వకుండా సున్నా వదిలేసి ట్రూ మాత్రం చేశారంటే నెట్‌వర్క్ కాసేపు తెగినా సెషన్ పోతుంది, అప్పుడు పైన చెప్పిన లాభం మొత్తం పోయినట్టే. ఎంత గడువు అన్నది మీ టైమ్‌టేబుల్ చూసి పెట్టుకోండి, పిల్లలకు కూడా ఆ గడువు ముందే చెప్పండి, రాత్రంతా నడవాల్సిన పని ఉన్నవాళ్లు దాన్ని డెస్క్‌టాప్ పోయినా నడుస్తూ ఉండే టీమక్స్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో నడుపుకోవాలి.

నిన్నటి సెషన్ ఉండాల్సింది కొత్త ఖాళీ డెస్క్‌టాప్ వచ్చింది అని ఎవరైనా అంటే, వాళ్ల క్లయింట్‌లో కలర్ డెప్త్ ఏముందో చూడండి. మీ వెర్షన్ ఎక్స్‌ఆర్‌డీపీ పాత సెషన్‌ను వెతికేటప్పుడు యూజర్‌నేమ్‌తోపాటు కలర్ డెప్త్ కూడా కలవాలంటుంది, ఒక కంప్యూటర్‌లో 16 బిట్, ఇంకోదాంట్లో 32 బిట్ ఉంటే అది పాతదాన్ని వదిలేసి కొత్త సెషన్ తెరవబోతుంది. ల్యాబ్ మొత్తానికి ఒకే విలువ పెట్టండి.

ర్యామ్ లెక్క. 64 జీబీలో సిస్టమ్‌కు కొంత వదిలేసి పాతికమందికి పంచితే ఒక్కొక్కరికి సుమారు రెండున్నర జీబీ. ఎక్స్‌ఎఫ్‌సీఈ తను తినేది తక్కువే, బ్రౌజర్లే మింగేస్తాయి. పద్ధతిగా పంచడానికి సిస్టమ్‌డీలోనే దారి ఉంది, ఈటీసీ సిస్టమ్‌డీ సిస్టమ్ కింద యూజర్ హైఫన్ డాట్ స్లైస్ డాట్ డీ అనే ఫోల్డర్ చేసి, అందులో కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైల్‌లో స్లైస్ విభాగం కింద మెమరీ హై 2 జీబీ, మెమరీ మ్యాక్స్ 3 జీబీ ఇవ్వండి. అందరూ ఒకేసారి మూడు జీబీ తీసుకోరు, కాబట్టి మ్యాక్స్ కాస్త ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. ఒక యూజర్ ఎన్ని ప్రాసెస్‌లు నడపొచ్చో చెప్పే టాస్క్స్ మ్యాక్స్ కూడా అక్కడే పెట్టండి, ఇది మరిచిపోకండి: ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్ ప్రోగ్రామ్ రాయమంటారు, ఎవరో ఒకరు దాన్ని ఆగని లూప్‌లో పెడతారు, లిమిట్ లేకపోతే సర్వర్ మొత్తం కూలబడుతుంది, ఉంటే ఆ ఒక్క అబ్బాయి సెషన్ మాత్రమే ఆగుతుంది. అయితే ఇందులో థ్రెడ్లు కూడా లెక్కకొస్తాయి, ఫైర్‌ఫాక్స్‌కే కొన్ని వందలు కావాలి, కాబట్టి 1500 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఇదే లిమిట్ మీ అడ్మిన్ ఖాతాకూ పడుతుంది, మీ యూజర్ ఐడీ నంబరుతో ఇంకో స్లైస్ ఫోల్డర్ చేసి మీకు మాత్రం పెంచుకోండి.

భద్రత దగ్గర రాజీ వద్దండీ. 3389 పోర్ట్‌ను కాలేజీ రౌటర్‌లో బయటికి ఫార్వర్డ్ చేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. ఇంటర్నెట్ మొత్తాన్నీ జల్లెడ పట్టి ఆ పోర్ట్ తెరిచి ఉన్న మెషీన్ల మీద పాస్‌వర్డ్‌లు వేసి చూసే ప్రోగ్రామ్‌లు రాత్రీపగలూ నడుస్తుంటాయి, పిల్లల పాస్‌వర్డ్‌లేమో వాళ్ల రోల్ నంబర్లే అయి ఉంటాయి. సర్వర్‌లో ఫైర్‌వాల్ పెట్టి 3389ని ల్యాబ్ నెట్‌వర్క్ రేంజ్ నుంచి మాత్రమే అనుమతించండి. సెస్‌మ్యాన్ ఫైల్‌లో రూట్ లాగిన్‌ను ఫాల్స్ చేయండి. అదే ఫైల్‌లో టర్మినల్ సర్వర్ యూజర్స్ అన్న సెట్టింగ్‌లో ఒక గ్రూప్ పేరు ఉంటుంది, ఆ గ్రూప్ సృష్టించి ల్యాబ్ ఖాతాలను అందులో చేర్చి, ఆల్వేస్ గ్రూప్ చెక్‌ను ట్రూ చేస్తే ఆ గ్రూప్‌లో లేనివాళ్లు డెస్క్‌టాప్‌తో రాలేరు. ఆ చెక్‌ను ఫాల్స్‌లోనే ఉంచి గ్రూప్ లేకుండా వదిలేస్తే అందరినీ రానిస్తుంది, ఇది గమనించుకోవాలి.

లెక్చరర్లు ఇంటి నుంచి రావడానికి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ చాలు. విండోస్ 10లో 2018 నుంచే ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఉంది, కమాండ్ విండోలో ఎస్‌ఎస్‌హెచ్‌కి మైనస్ క్యాపిటల్ ఎల్ ఆప్షన్ ఇచ్చి తమ కంప్యూటర్‌లో 3390 పోర్ట్‌ను సర్వర్‌లోని లోకల్‌హోస్ట్ 3389కి కలపమనాలి, ఆ తర్వాత రిమోట్ డెస్క్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 3390 అని కొట్టాలి. అక్కడ కూడా 3389నే వాడితే, మీరు ఇదే కంప్యూటర్‌కు కనెక్ట్ కాబోతున్నారనుకుని విండోస్ తిరస్కరిస్తుంది, అందుకే వేరే నంబరు. బయటి నుంచి వచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీలు మాత్రమే అనుమతించండి, ఆ లెక్చరర్ల గ్రూప్‌కు పర్మిట్ ఓపెన్ సెట్టింగ్‌తో లోకల్‌హోస్ట్ 3389 ఒక్కటే ఇస్తే వాళ్ల ల్యాప్‌టాప్ ఎవరి చేతిలోనైనా పడ్డా టన్నెల్ కాలేజీలోని ఇతర మెషీన్లకు వెళ్లదు. కాలేజీకి పబ్లిక్ ఐపీ లేకపోతే, ఇంటర్నెట్‌లో ఒక చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని దాని మీదుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ నడపడం నా సలహా.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగించింది కదా, ఆ పాత కంప్యూటర్లను కూడా మెల్లగా లినక్స్, రెమ్మీనాతో సరిపెట్టేయొచ్చు. వాటికి ఇక పని తెర చూపించడమే, 4 జీబీ బోలెడు. ల్యాబ్ స్విచ్ మాత్రం గిగాబిట్‌ది ఉండాలి, 100 ఎంబీపీఎస్‌ది ఉంటే నలుగురైదుగురు వీడియో పెట్టగానే అందరికీ మౌస్ ఆగిపోతుంది. మీ ఉబుంటులో ఉన్నది 0.9 వరస ఎక్స్‌ఆర్‌డీపీ, బొమ్మను ఇంకా తక్కువ డేటాతో పంపే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి 0.10 వరసలో వచ్చింది, కానీ దానికోసం ప్యాకేజీ వదిలేసి సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవడం నాకు ఇష్టం లేదు, సెక్యూరిటీ అప్‌డేట్లు మీరే గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

తెలుగులో ప్రాజెక్ట్ రిపోర్టులు రాసేవాళ్లుంటే లోహిత్ తెలుగు, నోటో ఫాంట్లు సర్వర్‌లోనే వేయాలి, పిల్లల ముందున్న కంప్యూటర్‌లో ఎన్ని ఫాంట్లున్నా అక్షరాలు గీసేది సర్వరే కాబట్టి అవి పనికిరావు. కీబోర్డ్ కూడా అంతే. క్లయింట్ వైపు ఇంగ్లిష్ లేఅవుట్ వదిలేసి, సర్వర్ సెషన్‌లో ఐబస్ అనే ప్రోగ్రామ్‌తో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ పెట్టుకోవాలి. రెండు వైపులా తెలుగు పెడితే అక్షరాలు గజిబిజి అవుతాయి.

ఇంకొక్క సంగతి, మీరు ఎక్స్ స్థానంలో వస్తున్న కొత్త పద్ధతి వేల్యాండ్ గురించి చివర్లో అడిగారు. ఎక్స్ మీద ఆధారపడిన ఏర్పాట్లన్నీ ఎప్పటికైనా మారాల్సిందే, అందులో అనుమానం లేదు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో ఎక్స్ సర్వర్‌నే తీసేశారు, ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్ సెషన్ లేదు. బదులుగా గ్నోమ్ 46 నుంచి, అంటే 2024 మార్చి నుంచి, మానిటర్ లేకుండానే ఆర్‌డీపీతో లాగిన్ కాగలిగే సౌకర్యం గ్నోమ్‌లోనే వచ్చింది, మీ 24.04లో గ్నోమ్ డెస్క్‌టాప్ వేస్తే అది కూడా ఉంటుంది. అది కూడా 3389నే అడుగుతుంది, ఎక్స్‌ఆర్‌డీపీతో కలిపి పెట్టకండి. అందులో ముందు సిస్టమ్ మొత్తానికి ఉమ్మడిగా ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆ తర్వాత లాగిన్ స్క్రీన్ మీద ఎవరి ఖాతా వాళ్లది, అంటే పిల్లలకు రెండు పాస్‌వర్డ్‌లు, పైగా పాతిక గ్నోమ్‌లు. మీ సర్వర్‌కు ఇప్పుడు అది బరువు. ఉబుంటు 24.04కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఎక్స్‌ఎఫ్‌సీఈతో అంతవరకు నడపొచ్చు, ఈలోగా ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల వేల్యాండ్ పని కూడా ఒక దారికి వస్తుందని నా ఆశ.

ముందు కొత్తగా ఒక పరీక్ష ఖాతా తెరిచి, సర్వర్ దగ్గర ఎక్కడా లాగిన్ కాకుండా, ఒక్క కంప్యూటర్ నుంచి దాంతో రండి. అది నిలబడ్డాక ఐదుగురితో ఒక గంట నడిపి ర్యామ్ ఎంత తింటోందో చూసి లిమిట్లు సరిచేయండి, ఆ తర్వాతే పాతికమందిని పిలవండి. పరీక్ష ఖాతాతో కూడా నల్ల స్క్రీనే వస్తే సెస్‌మ్యాన్ లాగ్‌లో చివరి ముప్పై లైన్లు, ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ ఫైల్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.